మే నెలలో అమ్మానాన్నలతో వెక్స్‌ఫర్డ్ వెళ్తున్నాం: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

కాకినాడ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మేం డబ్లిన్‌లో ఉంటాం. మే మూడో వారంలో అమ్మానాన్న కాకినాడ నుంచి వస్తున్నారు. శుక్రవారం బయల్దేరి సోమవారం సాయంత్రానికి తిరిగొచ్చేలా వెక్స్‌ఫర్డ్ కౌంటీ చూపిద్దామని ఉంది. నాన్నగారు రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, బోర్డు కనిపిస్తే చివరి అక్షరం దాకా చదివిగానీ కదలరు. అమ్మకి పక్షులన్నా చెట్లన్నా ప్రాణం, కానీ మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కువైతే కష్టం. ఇద్దరూ శాకాహారులు. కారు ఉంది. నెట్‌లో లిస్టులు చూస్తే అన్నీ తప్పక చూడాల్సినవే అంటున్నారు, అన్నీ చూడాలంటే కార్లోనే కాలం గడిచిపోతుంది. వెళ్లొచ్చినవాళ్లు కొంచెం దారి చూపించండి.

డబ్లిన్15:
బ్రో, పేరెంట్స్ మొదటిసారి వస్తుంటే క్లేర్, కెర్రీ తీసుకెళ్లు. మోహర్ కొండచరియలు చూడకుండా ఐర్లండ్ చూశామంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. వెక్స్‌ఫర్డ్ బీచ్‌కి బాగుంటుంది, పిల్లలున్నవాళ్లకి.

హుక్_దీపం:
డబ్లిన్15 గారూ, ఆ మాటకి నేను ఒప్పుకోను. హిస్టరీ లెక్చరర్‌ని తీసుకెళ్లడానికి ఈ దేశంలో వెక్స్‌ఫర్డ్ కన్నా మంచి చోటు నాకు తెలియదు. అప్పట్లో ఇంగ్లండ్‌ని ఏలుతున్న ఫ్రెంచి మూలాల యోధులు, నార్మన్లు, ఐర్లండ్‌లోకి అడుగుపెట్టింది ఇక్కడే. లెన్‌స్టర్ రాజు డియార్మాయిడ్ మెక్‌మరో 1166లో రాజ్యం పోగొట్టుకుని సముద్రం దాటి ఇంగ్లండ్ రాజు సాయం అడిగాడు. 1169 మేలో నార్మన్ దండు బానో బే దగ్గర ఒడ్డెక్కింది. మరుసటి ఏడాది ఇంకో దండు బాగిన్‌బన్ దగ్గర దిగింది. ఆ తర్వాత వచ్చిన స్ట్రాంగ్‌బో అనే నార్మన్ ప్రభువు మెక్‌మరో కూతురు ఈఫాని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కూతురు ఇసబెల్‌ని విలియం మార్షల్ చేసుకున్నాడు. ఇక ఈ కౌంటీలో ఏ పాత రాయిని పట్టుకున్నా ఆ అల్లుడి పేరే వినిపిస్తుంది.

కుర్రాడు గారూ, ఒక రోజు పూర్తిగా హుక్ ద్వీపకల్పానికి ఇచ్చేయండి. ముందు టింటర్న్ అబ్బే. 1200 ప్రాంతంలో సముద్రంలో తుపానులో చిక్కుకున్న మార్షల్, ప్రాణాలతో ఒడ్డు చేరితే మఠం కట్టిస్తానని మొక్కుకున్నాడట. ఆ మొక్కుబడే ఈ మఠం. వేల్స్‌లోని టింటర్న్ నుంచి సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు వచ్చి ఉన్నారు కాబట్టి అదే పేరు పెట్టారు. పదహారో శతాబ్దంలో మఠాలన్నీ మూసేశాక ఇది కోల్‌క్లో అనే కుటుంబం చేతికి వచ్చింది. వాళ్లు చర్చినే ఇల్లుగా మార్చుకుని నాలుగు వందల ఏళ్లు కాపురం ఉన్నారు. ప్రార్థన జరిగిన గోడల మీద పొయ్యి గూళ్ల ఆనవాళ్లు చూస్తే మీ నాన్నగారు కదలరు, చూడండి. బయట అడవిలో చదునైన దారి ఉంది, వాగు మీద వంతెన దాటి వెళ్తే గోడల మధ్య తోట వస్తుంది. అది అమ్మగారికి.

అక్కణ్నుంచి కారులో హుక్ లైట్‌హౌస్. ఇదీ మార్షలే కట్టించాడు, పదమూడో శతాబ్దం మొదట్లో. లోపల నదీ తీరాన న్యూ రాస్ అనే రేవు పట్నం పెట్టాడు, అక్కడికి ఓడలు దారి తప్పకుండా రావాలంటే కొనన దీపం ఉండాలి కదా. అంతకుముందు శతాబ్దాల నుంచే దుబాన్ అనే సాధువు, ఆయన శిష్యులు అక్కడ మంట వెలిగించేవారని చెబుతారు. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ కట్టడం అదే పని చేస్తోంది, ఇప్పటికీ. 1996 దాకా లోపల మనుషులుండి దీపం చూసుకునేవారు, తర్వాత ఆటోమేటిక్ చేశారు. గోడలు కొన్నిచోట్ల నాలుగు మీటర్ల మందం. 115 మెట్లు. పైకి గైడ్‌తోనే పంపిస్తారు.

కాకినాడ_కుర్రాడు:
హుక్_దీపం గారూ, చాలా థాంక్సండీ. కానీ 115 మెట్లంటే అమ్మకి టెన్షన్. నాన్న పైకి వెళ్తే అమ్మ కింద ఒక్కతే ఏం చేస్తుంది?

హుక్_దీపం:
దారిలో కమాను పైకప్పుల గదులు మూడు ఉంటాయి, ఒక్కో దాంట్లో ఆగి కథ చెబుతారు కాబట్టి నెమ్మదిగా ఎక్కొచ్చు. అయినా మోకాళ్లు నొప్పులంటే ఎక్కించొద్దు, మెట్లు ఇరుకు. కింద కెఫే ఉంది. లైట్‌హౌస్ చుట్టూ సున్నపురాయి పలకల్లాగా పరుచుకుని ఉంటుంది. వాటిలో సుమారు 35 కోట్ల ఏళ్ల కిందటి సముద్ర జీవుల శిలాజాలు కళ్లకి కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ రాయి వెచ్చటి లోతులేని సముద్రపు అడుగు. గట్టు పక్కనే నిలబడి చూసినా దొరుకుతాయి, కిందికి దిగాల్సిన పని లేదు. దిగకూడదు కూడా. అక్కడ అలలు చెప్పి రావు. ఎండగా ఉన్న రోజు కూడా పిల్లల్నీ పెద్దల్నీ అంచుకి పోనివ్వకండి.

రెక్కల_చప్పుడు:
అమ్మగారి తరఫున నేను మాట్లాడతాను. మే మూడో వారం అన్నారంటే సాల్టీ దీవులకి అదే అసలు సమయం. కిల్మోర్ కీ అనే చేపల రేవు నుంచి పడవలో ఐదు కిలోమీటర్లు. పెద్ద సాల్టీ మీద పఫిన్లు అనే సముద్ర పక్షులు నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెడతాయి. ఏప్రిల్‌లో వస్తాయి, జులై చివరికల్లా నడి సముద్రానికి వెళ్లిపోతాయి. మళ్లీ వసంతం దాకా నేల తొక్కవు. దక్షిణం వైపు కొనన గానెట్లు వేలల్లో ఉంటాయి. రెక్కలు విప్పితే ఆరడుగులు, బంగారు రంగు తల, నీలం గీత కన్ను. అంత పై నుంచి మడిచిన రెక్కలతో నీళ్లలోకి దూకే పక్షిని దగ్గర నుంచి చూడటం నా జీవితంలో పెద్ద అదృష్టం.

గుమ్మడి_పూలు:
సాల్టీ గురించి అక్క చెప్పిందంతా నిజమే, కానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మని అక్కడికి తీసుకెళ్లమని నేను చెప్పలేను. దీవి మీద రేవు లేదు. పెద్ద పడవ నీళ్లలో ఆగుతుంది, అక్కడ నుంచి చిన్న రబ్బరు పడవలోకి దిగాలి, అది ఒడ్డుకి తీసుకెళ్తే రాళ్ల మీద దిగాలి. అలల బట్టి మోకాలి దాకా తడవొచ్చు. పైన బాత్రూమ్ లేదు, నీడ లేదు, తిరుగు పడవ వచ్చేదాకా గంటలకొద్దీ గాలిలోనే. మా అత్తగారిని తీసుకెళ్లాం. ఆవిడ పఫిన్లని చూసి మురిసిపోయారు, దిగేటప్పుడు మాత్రం చాలా భయపడ్డారు.

రెక్కల_చప్పుడు:
గుమ్మడి పూలు గారు చెప్పిన ఇబ్బందులన్నీ ఉన్నాయి, కాదనను. అందుకే అమ్మగారినే అడగమంటాను. మనం వాళ్ల తరఫున ముందే వద్దని తేల్చేస్తే పక్షులంటే ప్రాణమున్న మనిషికి ఆ దీవి అందకుండా పోతుంది. దిగకుండా దీవి చుట్టూ తిప్పే పడవలు ఉన్నాయేమో కిల్మోర్ కీలో పడవ వాళ్లని ముందే ఫోన్ చేసి అడగండి. గాలి ఎక్కువుంటే ప్రయాణం రద్దవుతుంది, కాబట్టి సాల్టీని ఆదివారానికి పెట్టుకోకుండా శనివారం పెట్టుకోండి, కుదరకపోతే మర్నాడు చూసుకోవచ్చు. ఇంకోమాట, ఆ దీవి ఒక కుటుంబం సొంత ఆస్తి. పగటిపూట కొన్ని గంటలే రానిస్తారు, కుక్కల్ని తీసుకెళ్లకూడదు. బొరియల మీద కాలు పడితే పైకప్పు కూలి లోపలి పిల్ల చచ్చిపోతుంది. దారి వదలొద్దు.

సీమ_బిడ్డ:
వెక్స్‌ఫర్డ్ స్లాబ్స్ అని ఒకటుంది కదా, వేల బాతులు దిగుతాయని విన్నాను. అమ్మగారికి మెట్లు కూడా ఉండవు. అక్కడికి వెళ్తే సరిపోతుందేమో?

రెక్కల_చప్పుడు:
చోటు బంగారమే, నెల కాదు. గ్రీన్‌లాండ్ తెల్లనుదురు బాతులు అక్టోబర్‌లో వచ్చి ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. ప్రపంచంలో ఉన్న ఆ జాతిలో మూడోవంతు వరకు ఈ ఒక్క చోటే చలికాలం గడుపుతుంది. మేలో వెళ్తే పొలాలు, కుందేళ్లు, పరిశీలన టవర్ ఉంటాయి గానీ ఆ బాతులు పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో గూళ్లు కట్టుకునే పనిలో ఉంటాయి. ఆ నేల కథ మాత్రం నాన్నగారికి నచ్చుతుంది. 1840ల్లో సముద్రానికి గోడ కట్టి, నీళ్లు తోడి పొలం చేశారు. ఇప్పటికీ అది సముద్రమట్టం కన్నా దిగువనే ఉంది, పంపులు ఆగితే మళ్లీ నీళ్లే. పక్షుల కోసం కాపాడటం మొదలైంది 1969లో. మీరు డబ్లిన్‌లోనే ఉంటారు కాబట్టి నవంబర్‌లో ఒకసారి వెళ్లండి. సాయంత్రం బాతులన్నీ పొలాలు వదిలి హార్బర్ వైపు ఎగిరే వేళకి అక్కడ ఉండాలి.

అమ్మగారికి మెట్లు లేని చోటు కావాలంటే లేడీస్ ఐలాండ్ సరస్సు. సముద్రానికీ సరస్సుకీ మధ్య గులకరాళ్ల గట్టు ఒక్కటే అడ్డు. మేలో అక్కడి చిన్న లంకల మీద టెర్న్‌లు అనే సముద్ర పక్షులు గూళ్లు పెడతాయి. వాటిలో గులాబీ టెర్న్ యూరప్‌లో చాలా అరుదు. ఐర్లండ్‌లో డబ్లిన్‌కి ఉత్తరాన ఉన్న రాకబిల్ తర్వాత ఇదే వాటి పెద్ద స్థావరం. లంకల మీదికి ఎవర్నీ వెళ్లనివ్వరు. ఒడ్డున కూర్చుని బైనాక్యులర్స్‌తో చూడాలి. కుర్చీ తీసుకెళ్లండి, గంట తెలియకుండా గడిచిపోతుంది.

గుమ్మడి_పూలు:
లేడీస్ ఐలాండ్‌కి నాదీ ఓటు. అది తీర్థం కూడా. ఆగస్టు 15 నుంచి సెప్టెంబర్ 8 దాకా భక్తులు మేరీమాతని తలుచుకుంటూ ఆ దీవి చుట్టూ నడుస్తారు, కొందరు చెప్పుల్లేకుండా. మన సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్లకి ఎవరూ ఏమీ వివరించి చెప్పక్కర్లేదు. మా అత్తగారు బోర్డు చదవకముందే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. అక్కడ ఒరిగిపోయిన నార్మన్ బురుజు కూడా ఉంది.

విజయనగరం_మాస్టారు:
చర్చ చదువుతుంటే సంతోషంగా ఉంది. లెక్చరర్ గారిని ఎనిస్కార్తీకి తీసుకెళ్లకుండా తిరిగి రావద్దు నాయనా. బ్రిటిష్ పాలన మీద 1798లో లేచిన తిరుగుబాటు వెక్స్‌ఫర్డ్‌లో మే నెలాఖరున రాజుకుంది. ఫాదర్ జాన్ మర్ఫీ అనే చర్చి పూజారి రైతుల్ని వెంటబెట్టుకుని కదిలాడు. వాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి పొడవాటి బల్లేలు. కొన్ని రోజుల్లోనే ఎనిస్కార్తీ, వెక్స్‌ఫర్డ్ పట్నం పట్టుకున్నారు. జూన్ 5న న్యూ రాస్ దగ్గర ఓడిపోయారు, ఆ ఊచకోత ఘోరం. అదే రోజు స్కల్లబోగ్‌లో తిరుగుబాటుదారుల వైపు వాళ్లు బందీలుగా ఉన్న వంద మందికి పైగా మనుషుల్ని కొట్టంలో పెట్టి తగలబెట్టారు, అదీ చెప్పుకోవాలి. జూన్ 21న ఎనిస్కార్తీ పక్కనున్న వినెగర్ హిల్ మీద ఫిరంగుల ముందు బల్లేలు నిలవలేకపోయాయి. కొండ మీద పాత గాలిమర మొండెం ఇప్పటికీ ఉంది. కారు చాలావరకు పైకి వెళ్తుంది. కింద ఊళ్లో 1798 కేంద్రం, కోట రెండూ ఉన్నాయి.

నాన్నగారికి చెప్పాల్సిన సంగతి మరొకటి. వినెగర్ హిల్ మీద దాడి నడిపించిన జనరల్ లేక్ తర్వాత హిందూదేశానికి వచ్చి 1803లో మరాఠాల మీద యుద్ధం చేసి ఢిల్లీ పట్టుకున్నాడు. ఆ జూన్‌లోనే ఐర్లండ్‌కి వైస్రాయిగా వచ్చినవాడు కార్న్‌వాలిస్, అంతకుముందు మన దగ్గర గవర్నర్ జనరల్‌గా చేసి 1793లో బెంగాల్‌కి శాశ్వత శిస్తు ఒప్పందం పెట్టిన మనిషే. ఆ పద్ధతినే 1802 నుంచి మన ఉత్తర సర్కార్లలోకి తెచ్చారు, కాకినాడ పక్కలన్నీ అందులోవే. మా విజయనగరం రాజు చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది 1794లో. ఆ కొండ మీద నిలబడినప్పుడు నాకు రెండు దేశాల చరిత్ర విడివిడిగా కనిపించలేదు.

హుక్_దీపం:
మాస్టారూ, అద్భుతంగా చెప్పారు. దీనికి ఇంకో ముడి ఉంది. తిరుగుబాటు ఓడిపోయాక నాయకులు బ్యాగ్‌నల్ హార్వీ, కోల్‌క్లో పారిపోయి పెద్ద సాల్టీ దీవి మీద గుహలో దాక్కున్నారు. పట్టుకుని వెక్స్‌ఫర్డ్ వంతెన మీద ఉరితీశారు. అదే వంతెన మీద ఉరితీసిన ఇంకొకాయన కార్నీలియస్ గ్రోగన్, జాన్స్‌టౌన్ ఎస్టేట్ యజమాని.

డబ్లిన్15:
ఇంత ఉందని నాకు తెలియదు. జాన్స్‌టౌన్ కాజిల్ అంటే నెమళ్లు తిరిగే పార్క్ అనుకున్నాను.

గుమ్మడి_పూలు:
నెమళ్లు కూడా ఉన్నాయి తమ్ముడూ. చెరువులు, పెద్ద పెద్ద చెట్లు, చదునైన దారులు. అమ్మగారికి హాయిగా ఉంటుంది. అక్కడే వ్యవసాయ మ్యూజియం ఉంది, పాత నాగళ్లు, వెన్న చిలికే సామాను, కరువు గురించిన గది. వానొస్తే మొదట అక్కడికే వెళ్లండి.

సీమ_బిడ్డ:
కరువు మాట వచ్చింది కాబట్టి, న్యూ రాస్ రేవులో ఉన్న డన్‌బ్రోడీ ఓడ దయచేసి వదలొద్దు. అసలు ఓడని 1845లో క్యూబెక్‌లో కట్టారు. అటు నుంచి కలప తెచ్చేది. ఆలుగడ్డ పంట కుళ్లిపోయి జనం దేశం వదులుతుంటే, ఖాళీగా వెళ్లే ఓడలో చెక్క మంచాలు బిగించి మనుషుల్ని ఎక్కించారు. ఒక్కో ప్రయాణంలో 160 నుంచి 300 పైచిలుకు దాకా. ఇప్పుడున్నది అలాగే కట్టిన నకలు. కింది అంతస్తులో ఒక కుటుంబానికి ఇచ్చిన మంచం ఎంత ఉందో చూస్తే గొంతు పట్టేస్తుంది. మా రాయలసీమ వాళ్లం ధాత కరువు కథలు వింటూ పెరిగినవాళ్లం కాబట్టి నేను ఆ గదిలోంచి త్వరగా బయటికి రాలేకపోయాను. ఆ కరువులో ఐర్లండ్‌లో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షల మంది వెళ్లిపోయారు.

కుర్రాడు గారూ, మీది కాకినాడ. పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో మన కూలీలు మారిషస్‌కి ఓడలెక్కారు. మీ నాన్నగారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. ఇక్కడ అది గుర్తుకు రాకుండా ఉండదు.

కాకినాడ_కుర్రాడు:
సీమ_బిడ్డ గారూ, తెలుసండీ. నాన్న కోరంగి గురించి చాలా చెబుతారు. ఈ పోస్టు చదివి వినిపిస్తే డన్‌బ్రోడీ మొదట చూడాలన్నారు. న్యూ రాస్ పక్కన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పూర్వీకుల ఇల్లు కూడా ఉందట కదా, వెళ్లాలా?

సీమ_బిడ్డ:
డంగన్స్‌టౌన్. కెన్నెడీ ముత్తాత 1848లో ఊరు విడిచి వెళ్లింది అక్కణ్నుంచే, కెన్నెడీ అధ్యక్షుడిగా వచ్చింది 1963 జూన్‌లో. చిన్న చోటు, ఆసక్తి ఉంటేనే. టైమ్ తక్కువైతే అది వదిలి, పక్కనే ఆయన పేరుతో ఉన్న చెట్ల తోటకి వెళ్లండి. 252 హెక్టార్లు, ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన 4500 రకాల చెట్లు, పొదలు. మేలో రోడోడెండ్రాన్లు పూసి ఉంటాయి. పక్కనున్న స్లీవ్ కోల్చా గుట్ట పైదాకా కారు వెళ్తుంది, అక్కడి నుంచి హుక్ వైపంతా కనిపిస్తుంది.

విజయనగరం_మాస్టారు:
ఫెర్రీక్యారిగ్ దగ్గర హెరిటేజ్ పార్క్ గురించి ఎవరూ రాయలేదు. 1987లో తెరిచారు. రాతియుగపు గుడిసెల నుంచి నార్మన్ల దాకా తొమ్మిది వేల ఏళ్ల జీవితాన్ని అడవిలో నడుస్తూ చూడొచ్చు. గుంటలో నీళ్లు పోసి, కాల్చిన రాళ్లు వేసి మరిగించి వండుకునే పద్ధతి చూపిస్తారు. ఇళ్లన్నీ కొత్తగా కట్టిన నమూనాలే కదా అని కొట్టిపారేయకండి. పార్కు లోపలే అసలైన నార్మన్ కోట స్థలం ఉంది. 1169లో దిగిన దండు తొలిగా కట్టుకున్న మట్టికోట అదే, పురావస్తు తవ్వకాలు జరిగాయి. హుక్_దీపం గారు చెప్పిన బానో బే కథకి తర్వాతి ఘట్టం ఇక్కడ కాళ్ల కింద ఉంది.

డబ్లిన్15:
బీచ్ ఒక్కటైనా పెట్టండి అన్నా! కరాక్లో ఇసుక కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. 1997లో ఒక హాలీవుడ్ యుద్ధ సినిమాకి నార్మండీ తీరంగా చూపించింది అక్కడే. పక్కన రేవెన్ అని పైన్ అడవి, నడక దారి చదునుగా ఉంటుంది.

కాకినాడ_కుర్రాడు:
అందరూ చెప్పింది కలిపి ఇలా అనుకున్నాం. శుక్రవారం దారిలో ఎనిస్కార్తీ, వినెగర్ హిల్. శనివారం ఉదయం గాలి చూసుకుని కిల్మోర్ కీ. అమ్మని అడిగితే రబ్బరు పడవ అయినా సరే దిగుతానంటోంది, పడవ ఆయనతో మాట్లాడి తేల్చుకుంటాం. పడవ లేకపోతే లేడీస్ ఐలాండ్, జాన్స్‌టౌన్. ఆదివారం టింటర్న్, హుక్. సోమవారం న్యూ రాస్ ఓడ, చెట్ల తోట చూసుకుని డబ్లిన్. హెరిటేజ్ పార్క్ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. భోజనం సంగతి కూడా చెప్పండి.

హుక్_దీపం:
ప్లాన్ బాగుంది. ఆదివారం తొందరపడకండి. హుక్‌లో మేలో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది, కాబట్టి మధ్యాహ్నం టింటర్న్‌లో ఎంతసేపైనా ఉండనివ్వండి. లైట్‌హౌస్ టూర్ టికెట్ మాత్రం ముందే బుక్ చేసుకోండి. వినెగర్ హిల్ శుక్రవారం చూసేస్తున్నారు కాబట్టి, అదే రోజు సాయంత్రం కాకుండా హెరిటేజ్ పార్క్‌ని వాన పడని పూటకి దాచుకోండి. వెక్స్‌ఫర్డ్ పట్నానికి పక్కనే, పెద్ద దూరం కాదు.

గుమ్మడి_పూలు:
భోజనానికి ఇల్లు అద్దెకి తీసుకోవడమే మంచి పని. చిన్న ఊళ్లలో శాకాహారం అంటే సూప్, బ్రెడ్, చిప్స్. వెజ్ సూప్ చికెన్ నీళ్లతో చేశారేమో అడిగి తీసుకోండి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటే సాల్టీ రోజుకి దిగుల్లేదు. రోడ్డు పక్కన చిన్న బడ్డీల్లో వెక్స్‌ఫర్డ్ స్ట్రాబెర్రీలు మేలోనే మొదలవుతాయి, ఒక బుట్ట కొనండి. అమ్మగారికి మంకీ క్యాప్, గాలి ఆగే జాకెట్ తప్పనిసరి. ఎండ ఉన్నా సముద్రం గాలి చలిగా కోస్తుంది.

రెక్కల_చప్పుడు:
బైనాక్యులర్స్ లేకపోతే చెప్పండి, నేనూ డబ్లిన్‌లోనే ఉంటాను, నావి ఇస్తాను. పఫిన్లు ఎన్ని కనిపించాయో అమ్మగారిని అడిగి ఇక్కడ రాయాలి మరి.

కాకినాడ_కుర్రాడు:
తప్పకుండా అక్కా. మెసేజ్ పెట్టాను. మిగతావాళ్లు, హుక్ నుంచి బాలీహాక్ ఫెర్రీలో కారు ఎక్కించుకుని వాటర్‌ఫర్డ్ వైపు దాటొచ్చని చూశాను. ఆదివారం అటు వెళ్లడం అవసరమా?

హుక్_దీపం:
ఈసారికి వద్దండీ. ఫెర్రీ కొద్ది నిమిషాలే, సరదాగా ఉంటుంది, కానీ దాటాక వాటర్‌ఫర్డ్ మొదలవుతుంది. అదింకో ప్రయాణం. బాలీహాక్‌లో నీటి ఒడ్డున ఉన్న పాత కోట దగ్గర టీ తాగి వెనక్కి తిరగండి.